రెసిస్టెన్స్ ఎవరిది? ఒక టీబీ రిపోర్టు వెనక ఉన్న 44 లక్షల అక్షరాలు

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. ముప్పై ఏళ్లుగా ఆ ఘాటులోనే బతుకుతున్న మనిషి కాబట్టి రెండు నెలలు దగ్గినా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. సీజన్లో యార్డులో దగ్గని వాడెవడు అనుకున్నారు. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, బెల్టు రెండు కన్నాలు లోపలికి జరగడం చూసి చివరికి పిన్నే పట్టుబట్టి తెమడ పరీక్ష చేయించింది. రిపోర్టు ఫోటో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడింది. అందులో ఉన్నవి రెండే ముక్కలు: "ఎంటీబీ డిటెక్టెడ్, మీడియం. రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్."

ఐదు నిమిషాల్లో పిన్ని ఫోను. "ఏందిరా ఇది, టీబీ వచ్చిందంటే వచ్చింది, రెసిస్టెన్స్ కూడా లేదంట. ఒంట్లో శక్తే లేకపోతే ఇంక మందులేం పనిచేస్తయ్?"

గ్రూపులో అప్పటికే ఒకాయన నాటుకోడి సూపు అన్నాడు, ఒకామె తిప్పతీగ అంది, ఇంకొకరు మీడియం అంటే సెకండ్ స్టేజా అని అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ ఆలోచిస్తే తప్పు వాళ్లది కాదు. కరోనా రెండేళ్లూ టీవీల్లో, పేపర్లలో "రెసిస్టెన్స్ పవర్ పెంచుకోండి" అని ఊదరగొట్టారు. ఆ మాటకు మన ఇళ్లలో ఉన్న అర్థం అదొక్కటే, రోగనిరోధక శక్తి. ఎంటీబీ అంటే టీబీ బ్యాక్టీరియా, రిఫ్ అంటే రిఫాంపిసిన్ అనే టీబీ మందు. రిపోర్టులో ఉన్న రెసిస్టెన్స్ బాబాయిది కాదు, బాబాయి ఊపిరితిత్తుల్లో కూర్చున్న బ్యాక్టీరియాది. అది లేదంటే సంతోషించాలి.

పిన్నికి నేను చెప్పింది పత్తి చేను మాట. వాళ్ల పుట్టింటోళ్లది పత్తి సేద్యం. బీటీ పత్తికి గులాబీ పురుగు లొంగకుండా పోయిందని ఎవరైనా అంటే అది చేను బలహీనపడటం గురించి కాదు కదా, పురుగు మొండిదేలడం గురించి. ఇక్కడా అంతే. మందుకు లొంగేది, లొంగనిది పురుగే. "అయితే మీ బాబాయిలో ఉన్నది లొంగే పురుగా?" అంది. అవును పిన్నీ, అదే రాశారు.

ఆవిడకు అంతటితో సరిపోయింది, నాకు సరిపోలేదు. ఆ ఒక్క వాక్యం "నాట్ డిటెక్టెడ్" అని రెండు గంటల్లోపు చెప్పగలగడం వెనక నూట నలభై ఏళ్ల కథ ఉంది. దాన్ని పట్టుకుంటే టీబీ గురించి మనం మామూలుగా అనుకునేవి చాలా తలకిందులవుతాయి.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ క్షయకు కారణం ఫలానా బ్యాక్టీరియా అని చూపించాడు (మార్చి 24న టీబీ దినం జరపడం అందుకే). అప్పటిదాకా ఇది వంశపారంపర్యమనీ, గాలి మార్పు లేక వచ్చేదనీ రకరకాలుగా అనుకునేవాళ్లు. కనిపెట్టడమైతే కనిపెట్టారు గానీ దీన్ని ల్యాబులో పెంచి పరిశోధన చేయడం అంటే ఓపికకు పరీక్ష. మన పేగుల్లో ఉండే ఈ-కోలి బ్యాక్టీరియా అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ బ్యాక్టీరియా రెండవడానికి దాదాపు రోజు పడుతుంది. ఒంటి చుట్టూ మైనం లాంటి మందపాటి గోడ కట్టుకుని, నింపాదిగా తిని, నింపాదిగా పెరుగుతుంది. తెమడ నుంచి దాన్ని కల్చర్ చేసి కంటికి కనపడేలా పెంచాలంటే కొన్ని వారాలు. ఆ తర్వాత ఏ మందు పనిచేస్తుందో చూడాలంటే ఇంకొన్ని వారాలు. ఈలోపు రోగికి పని చేయని మందు ఇస్తూ పోతున్నామేమో తెలిసేది కాదు. అదే పాత రోజుల అసలు సమస్య.

1998లో స్టీవార్ట్ కోల్ బృందం, బ్రిటన్‌లోని శాంగర్ సెంటర్, పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఈ బ్యాక్టీరియా జన్యుక్రమం (డీఎన్‌ఏలో ఏ, సీ, జీ, టీ అనే నాలుగే అక్షరాలతో రాసి ఉన్న పుస్తకం) మొత్తం చదివేశారు. సుమారు 44 లక్షల అక్షరాలు, దాదాపు 4 వేల జన్యువులు. వాళ్లు చదివిన ఆ బ్యాక్టీరియా పేరు హెచ్37ఆర్‌వీ. ఇది 1905లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారనాక్ లేక్ అనే ఊళ్లో, శానిటోరియంలో ఉన్న ఒక 19 ఏళ్ల కుర్రాడి నుంచి తీసిన దాని సంతానం. ఆ కుర్రాడి తెమడలో దొరికిన దాన్ని తరాల తరబడి గాజు సీసాల్లో పెంచుతూనే ఉన్నారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ టీబీ రోగి జన్యు రిపోర్టు రాసినా, ఆ కుర్రాడి బ్యాక్టీరియాతో పోలిస్తే ఏ అక్షరం మారింది అనే రాస్తారు. బాబాయిదైనా అంతే.

శానిటోరియం అంటే గుర్తొచ్చింది. మంగళగిరి ఎయిమ్స్ ఉన్న స్థలం ఒకప్పటి టీబీ శానిటోరియందే. కొండ పక్కన గాలి తగిలేలా, ఊరికి దూరంగా. మా తాతల కాలంలో ఆ మాట గట్టిగా పలికేవాళ్లు కాదు, "మంగళగిరిలో ఉన్నాడు" అంటే చాలు, అర్థమైపోయేదట. మంచి తిండి, గాలి, మంచం, అంతకు మించి ఇవ్వడానికి చాలాకాలం ఎక్కడా ఏమీ లేదు.

సరే, అసలు ముడికి వద్దాం. టీబీ బ్యాక్టీరియా మందులకు ఎలా లొంగకుండా పోతుంది?

మామూలు బ్యాక్టీరియాలు ఈ విషయంలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూరాకు ఇచ్చిపుచ్చుకున్నట్టు జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒక బ్యాక్టీరియాకు మందును విరగ్గొట్టే జన్యువు ఉంటే, దాన్ని చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో పెట్టి పక్కదానికి అందిస్తుంది, పక్కది వేరే జాతిదైనా సరే. ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్స్ పనిచేయని ఇన్ఫెక్షన్లు అంత వేగంగా పాకడానికి ఇదొక పెద్ద కారణం. టీబీ బ్యాక్టీరియా మాత్రం ఒంటరి. మనిషి ఊపిరితిత్తుల్లో తెల్లకణాల లోపల దాక్కుని బతికే దీనికి అలా అందించే చుట్టం లేడు, అప్పు తెచ్చుకునే అలవాటూ లేదు. దానికి ఏ మందునైనా తట్టుకునే శక్తి వచ్చిందంటే అది తన 44 లక్షల అక్షరాలను నకలు తీసుకునేటప్పుడు తనే చేసుకున్న అక్షర దోషం వల్లే. అంతకు మించి దారి లేదు.

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ టీబీ వైద్యం మొత్తం దీని మీదే నిలబడింది. దోషం అనేది లెక్క కాబట్టి. ఐసోనియాజిడ్ అనే టీబీ మందును తట్టుకునే అక్షర దోషం కొన్ని కోట్ల బ్యాక్టీరియాల్లో ఒకదానికి ఉంటుంది. రిఫాంపిసిన్‌ను తట్టుకునేది ఇంకా అరుదు, వందల కోట్లలో ఒకటి అనుకోవచ్చు (ప్రయోగాన్ని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి). ఊపిరితిత్తిలో పడిన ఒక్క పుండు గుంతలో కోటి నుంచి వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండొచ్చు. అంటే మొదటి మాత్ర మింగకముందే, ఏదో ఒక మందును తట్టుకునే పిల్లలు కొన్ని ఆ గుంతలో అప్పటికే ఉన్నట్టే. మందు దోషాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని ఏరి మిగులుస్తుంది. పురుగు మందు కొడితే అన్నీ చచ్చి ఆ నాలుగు మొండివి మిగిలి, వచ్చే పంటకు చేనంతా వాటి సంతానమే అయినట్టు.

ఇది కాగితం మీద లెక్క కాదు, చూసిన సంగతి. 1940ల చివర్లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి ప్రసిద్ధమైన ప్రయోగం చేశారు. 55 మందికి మందు ఇచ్చారు, 52 మందికి మంచం మీద విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మందు తీసుకున్న వాళ్లలో 4 మరణాలు, తీసుకోని వాళ్లలో 14. అద్భుతం అనుకున్నారు. ఐదేళ్లకు చూస్తే మందు తీసుకున్న వాళ్లలో 32 మంది పోయారు, తీసుకోని వాళ్లలో 35 మంది. ఆ మొండి పిల్లలే మళ్లీ పెరిగి కమ్మేశాయి.

అందుకే నాలుగు మందులు. ఒక బ్యాక్టీరియాకు ఒక దోషం ఉండటం కొన్ని కోట్లలో ఒకటి, ఇంకో దోషం ఉండటం వందల కోట్లలో ఒకటి అయితే, రెండూ ఒకేదానికి ఉండటమంటే ఈ రెండు అంకెలనూ గుణించాలి. అన్ని బ్యాక్టీరియాలు ఒక మనిషిలో పట్టవు. చుట్టాల్లో ఒకాయన బాబాయికి చెప్పిన సలహా, "ఇన్ని మాత్రలు లివర్‌కు మంచిది కాదు, పవర్‌ఫుల్‌ది ఒక్కటి రాయమను" అని. దాని వల్ల వచ్చే నష్టం ఇంత స్పష్టంగా లెక్కకు అందుతుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. బరువును బట్టి ఎన్ని మాత్రలో చెబుతారు. మూత్రం నారింజ రంగులోకి వస్తే అది రిఫాంపిసిన్ రంగు, రక్తం కాదు. ఈ మాట ముందే చెప్పక బాబాయి ఒక పూటంతా ఎవరికీ చెప్పకుండా టెన్షన్ పడ్డాడు.

ఇప్పుడు ఆ రిపోర్టు ఎలా పుడుతుందో చూడండి. ప్రతి జీవకణంలోనూ జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే యంత్రం ఒకటి ఉంటుంది. రిఫాంపిసిన్ వెళ్లి బ్యాక్టీరియాలోని ఆ యంత్రం గొంతులో అడ్డం పడుతుంది. నకలు బయటికి రాదు, బ్యాక్టీరియా చస్తుంది. ఆ గొంతు ఆకారాన్ని రాసి పెట్టిన జన్యువు పేరు ఆర్‌పీఓబీ. 1993 నుంచి తెలిసిన సంగతి ఏమిటంటే, రిఫాంపిసిన్‌కు లొంగని బ్యాక్టీరియాల్లో సుమారు 95 శాతం వాటికి దోషం ఈ జన్యువులోని ఒకే ఒక్క చిన్న తునకలో ఉంటుంది. ఎంత తునక అంటే 81 అక్షరాలు. 44 లక్షల్లో 81! ఎక్కువగా కనపడేది ఆ జన్యువు 450వ స్థానంలో (మూడేసి అక్షరాలను ఒక స్థానంగా లెక్కిస్తారు) టీసీజీ అని ఉండాల్సిన చోట టీటీజీ అని పడటం. ఒక్క అక్షరం. గొంతు కాస్త వంకర తిరుగుతుంది, మందు ఇక అతకదు.

కాబట్టి మొత్తం పుస్తకం చదవనక్కర్లేదు, ఆ 81 అక్షరాల వాక్యం చూస్తే చాలు. మన ఆసుపత్రుల్లో సీబీనాట్ అని పిలిచే జీన్ఎక్స్‌పర్ట్ యంత్రం చేసేది ఇదే. తెమడను కార్ట్రిడ్జిలో వేస్తే అందులోని బ్యాక్టీరియా డీఎన్‌ఏలో ఆ ముక్కను లక్షల రెట్లు నకలు తీసి, సరైన వాక్యానికి మాత్రమే అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తునకలను దాని మీదికి వదులుతుంది. అతుక్కుంటే అవి వెలుగుతాయి. మొదట వచ్చిన కార్ట్రిడ్జిలో ఇవి ఐదు. ఐదూ వెలిగితే అక్షరాలు సరిగ్గా ఉన్నట్టు, ఒకటి వెలగకపోతే అక్కడ దోషం ఉన్నట్టు. వారాలు పట్టే పని రెండు గంటల్లోపు. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది. గోవాలోని మోల్‌బయో సంస్థ చేసిన ట్రూనాట్ అనే చిన్న యంత్రం కూడా వచ్చింది, బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది లేని ఊళ్లలో కూడా పెట్టుకోవచ్చు. దానికి 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. ఇక "మీడియం" అంటే స్టేజీ కాదు, తెమడలో ఎంత బ్యాక్టీరియా డీఎన్‌ఏ దొరికింది అన్న అంచనా, అంతే.

ఈ పరీక్షకు పరిమితులు లేవా అంటే ఉన్నాయి. ఆఫ్రికాలో ఎస్వాతినీ అనే చిన్న దేశంలో 2009లో సేకరించిన బహుళ మందులకు లొంగని టీబీ నమూనాల్లో దాదాపు 30 శాతం వాటికి దోషం ఆ 81 అక్షరాల బయట, కొంచెం అవతల ఉంది. యంత్రం అన్నీ సరిగ్గా ఉన్నాయనే చెప్పింది, ఎందుకంటే దానికి చూడమన్న చోట అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండో పరిమితి మన ఇంట్లోనే ఎదురైంది. రెండు నెలల మందులయ్యాక బాబాయి మళ్లీ సీబీనాట్ చేయించుకుంటానని కూర్చున్నాడు, తగ్గిందో లేదో చూసుకుందామని. ఆ యంత్రం అక్షరాలు చదువుతుంది గానీ బ్యాక్టీరియా బతికుందా చచ్చిందా చెప్పలేదు. చచ్చిన వాటి డీఎన్‌ఏ కూడా తెమడలో చాలాకాలం వస్తూ ఉంటుంది. మళ్లీ "డిటెక్టెడ్" అని వస్తే గ్రూపులో తిప్పతీగ రెండో రౌండు. మందు పనిచేస్తోందా అని చూడ్డానికి పాత పద్ధతిలో మైక్రోస్కోపు, కల్చర్, బరువు పెరగడం, ఇవే నమ్మకం.

ఐసోనియాజిడ్ కథ నాకు అన్నిటికంటే ఇష్టం. ఈ మందు మింగినప్పుడు అసలు మందే కాదు, తాళం వేసిన పెట్టె లాంటిది. బ్యాక్టీరియా తన సొంత ఎంజైముతో దాన్ని తెరుస్తుంది, తెరిచాక అందులోంచి వచ్చిన పదార్థం దాని మైనపు గోడ కట్టే పనిని ఆపి చంపుతుంది. తన చావు తనే తెరుచుకుంటుంది. ఆ ఎంజైమును రాసే జన్యువు క్యాట్‌జీ అని 1992లో తేలింది. మరి తప్పించుకోవడం ఎలా? ఆ ఎంజైమును మొత్తం పాడుచేసుకుంటే పెట్టె తెరుచుకోదు, కానీ ఆ ఎంజైముకు ఇంకో పనుంది, మన తెల్లకణాలు వదిలే పెరాక్సైడ్ విషాన్ని విరగ్గొట్టడం. అది లేకపోతే మన ఒంట్లో బతకడం కష్టం. అందుకని ప్రపంచమంతటా ఎక్కువగా కనపడే దోషం 315వ స్థానంలో, పెట్టె తెరవడం మానేసి, విషం విరగ్గొట్టడం మాత్రం చాలావరకు ఉంచుకునే మార్పు. ఎవరో ఆలోచించి చేసినట్టుంటుంది గానీ ఆలోచన ఏమీ లేదు. లక్షల మంది ఊపిరితిత్తుల్లో దశాబ్దాల పాటు జరిగిన ఏరివేత, అంతే. సీబీనాట్ మామూలు కార్ట్రిడ్జి ఈ ఐసోనియాజిడ్ సంగతి చూడదు. అందుకే తెమడను ఇంకో ల్యాబుకు పంపి ఎల్పీఏ అని కాగితపు పట్టీ మీద గీతలు వచ్చే పరీక్ష చేస్తారు.

మందుకు లొంగని బ్యాక్టీరియా కాస్త కుంటిదై ఉంటుంది, అంతగా పాకదులే అని ఒక ఓదార్పు ఉండేది. ఆర్‌పీఓబీలో దోషం అంటే నకలు యంత్రం గొంతు వంకర కదా, పని మందగిస్తుంది, నిజమే. కానీ వందల జన్యుక్రమాలు చదివాక కనిపించింది ఏమిటంటే, పక్కనే ఉన్న ఆర్‌పీఓసీ లాంటి జన్యువుల్లో రెండో మార్పు వచ్చి ఆ కుంటితనాన్ని సరిచేసేస్తోంది. అంటే మొండిది మొండిదిగానే ఉండి, చురుగ్గా కూడా పాకుతుంది. దీనివల్ల మనం మానుకోవాల్సిన మాట ఒకటుంది. ఎవరికైనా మందులకు లొంగని టీబీ వస్తే "మధ్యలో మానేసి ఉంటాడు" అంటారు, ముఖం మీదే. జీవితంలో ఒక్క టీబీ మాత్ర మింగని వాళ్లకు కూడా అది నేరుగా, గాలి ద్వారా, అప్పటికే మొండిదైన దాన్ని పీల్చడం వల్ల వస్తుంది, అలాంటి వాళ్లు చాలామంది.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కూడా అక్షరాలే చెబుతాయి. ఈ బ్యాక్టీరియా నకలు తీయడంలో ఎంత జాగ్రత్త అంటే మొత్తం 44 లక్షల్లో ఏడాదికి సగటున అర అక్షరం మారుతుంది, అంటే రెండేళ్లకు ఒకటి. బెజవాడలో ఒక హాస్టల్లో ఇద్దరు కుర్రాళ్లకు టీబీ వచ్చిందనుకోండి. ఇద్దరి బ్యాక్టీరియాకూ తేడా రెండు మూడు అక్షరాలైతే ఈమధ్యే ఒకరి నుంచి ఒకరికి, లేదా ఇద్దరికీ ఒకే చోటు నుంచి వచ్చినట్టు. రెండు వందలు ఉంటే ఆ గదికీ దీనికీ సంబంధం లేదు, ఎవరి ఊరి నుంచి వాళ్లు తెచ్చుకున్నారు. బ్రిటన్ పరిశోధకులు 2013లో ఒక గీత గీశారు. 5 లోపు అయితే దగ్గరి చుట్టరికం, 12 దాటితే కాదని. మనదగ్గర ఇంకా ఇంత లోతుగా రోజువారీ పనిలో వాడే స్థాయికి రాలేదు గానీ, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2022లో దేశమంతటా టీబీ నమూనాల జన్యుక్రమాలు చదివే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. అది ముఖ్యం, ఎందుకంటే దక్షిణాదిలో తిరిగే టీబీ కుటుంబం వేరు. హిందూ మహాసముద్రం చుట్టుపక్కల ఎక్కువగా ఉండే మొదటి వంశం మనది, ఐరోపాలో కనిపించేది నాలుగోది. ఎక్కడో తయారుచేసిన పరీక్ష మన బ్యాక్టీరియాకు సరిగ్గా సరిపోతుందో లేదో మన నమూనాలు చదివితేనే తేలుతుంది.

ఏ దోషం ఏ మందును చెడగొడుతుందో చెప్పే జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదటిసారి వేసింది, 2023లో 52 వేలకు పైగా నమూనాల ఆధారంగా పెంచింది. జన్యువులు చదవడం ఇప్పుడు కష్టం కాదు. చదివిన అక్షర దోషం ప్రమాదకరమా, ఊరికే ఉన్నదా అన్నదే కష్టం. పైరజినమైడ్ మందు విషయంలో ఇది మరీ తలనొప్పి, దాని తాలూకు జన్యువులో దోషాలు ఒక చోట అని లేకుండా మొదటి నుంచి చివరి దాకా చెదురుమదురుగా ఉంటాయి. 81 అక్షరాల సుఖం అక్కడ లేదు.

బీసీజీ సంగతి చెప్పకుండా వదిలేయలేను, ఎందుకంటే ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న, "చిన్నప్పుడు భుజం మీద టీకా వేశారుగా, మరి ఎట్లా వచ్చింది?" కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు 1908లో పశువుల టీబీ బ్యాక్టీరియాను పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కల మీద పెంచడం మొదలుపెట్టి, మూడు వారాలకోసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ 13 ఏళ్లలో 230 సార్లు మార్చారు. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం కూడా అయిపోయింది. చివరికి అది జంతువులకు జబ్బు చేయడం మానేసింది, 1921లో టీకా అయింది. ఎందుకు మానేసిందో వాళ్లకు తెలియదు. 1990ల్లో డీఎన్‌ఏ పోల్చి చూస్తే దొరికింది. ఆర్‌డీ1 అనే ముక్క మొత్తం పోగొట్టుకుంది. మన తెల్లకణం మింగాక దాని గోడకు కన్నం పెట్టి తప్పించుకోవడానికి బ్యాక్టీరియా వదిలే ప్రొటీన్లు రాసి ఉండేది ఆ ముక్కలోనే. ఆయుధం పోయింది కాబట్టి టీకాగా పనికొచ్చింది, అయితే ఆ ఆయుధాన్ని గుర్తుపట్టడం మన ఒంటికి అది నేర్పలేదు కూడా. తమిళనాడు చెంగల్పట్టులో 1968లో మొదలై 15 ఏళ్లు సాగిన భారీ పరిశీలనలో పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేకపోయింది. పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీ లాంటివాటి నుంచి మాత్రం కాపాడుతుంది, కాబట్టి వేయించాల్సిందే. ఆర్‌డీ1 వల్ల ఇంకో లాభం. టీకా వేసుకున్నవాడికీ, నిజంగా టీబీ బ్యాక్టీరియా ఒంట్లోకి చేరినవాడికీ పాత చర్మ పరీక్ష తేడా చెప్పలేకపోయేది. ఇప్పుడు ఆ పోయిన ముక్కలోని ప్రొటీన్లనే వాడి సై-టీబీ అనే చర్మ పరీక్ష వచ్చింది. టీకాకు స్పందించదు, అసలుదానికే స్పందిస్తుంది. పెద్దవాళ్ల కోసం ఎం72 అనే కొత్త టీకా మూడో దశ పరీక్షలు 2024లో దక్షిణాఫ్రికాలో మొదలయ్యాయి, ముందు దశలో సుమారు 50 శాతం రక్షణ కనిపించింది.

ఆరు నెలలు ఎందుకు అన్నది ఇంకో ప్రశ్న. దగ్గు నెలలో తగ్గిపోయింది కదా అని బాబాయి కూడా అడిగాడు. లొంగకపోవడం వేరు, నిద్రపోవడం వేరు. కొన్ని బ్యాక్టీరియాలకు ఏ దోషమూ ఉండదు, కేవలం పెరగడం ఆపేసి పడుకుంటాయి. మందులు చాలావరకు పని చేసే యంత్రాలనే దెబ్బతీస్తాయి కాబట్టి, యంత్రం ఆపిన వాటిని ఏమీ చేయలేవు. ఈమధ్య, 2019లో, ఒక తమాషా బయటపడింది. జీఎల్‌పీకే అనే జన్యువులో సీ అక్షరం వరుసగా ఏడుసార్లు వస్తుంది. ఒకే అక్షరం అన్నిసార్లు వస్తే రాసేవాడు లెక్క తప్పినట్టు నకలు యంత్రం కూడా అక్కడ తడబడి ఎనిమిది వేస్తుంది. జన్యువు చెడుతుంది, బ్యాక్టీరియా మందగించి మందులను ఓర్చుకుంటుంది. తర్వాత ఎప్పుడో మళ్లీ తడబడి ఏడు వేస్తుంది, మామూలైపోతుంది. వేసుకుని తీసేసుకునే ముసుగు లాంటిది. రిపోర్టులో ఇది "రెసిస్టెన్స్" కింద రాదు. ఇలాంటి ఓపిక బ్యాచి కోసమే ఆ మిగతా నెలలు.

మొండి టీబీకి పదేళ్ల కిందటి దాకా వైద్యం అంటే పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు నెలలు, అందులో నెలల తరబడి రోజూ సూది, ఆ సూదికి కొందరికి చెవులు పోయేవి. బెడాక్విలిన్ 2012లో వచ్చింది, బ్యాక్టీరియా కరెంటు ఉత్పత్తిని ఆపే మందు, నలభై ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త రకం. దీనికి ప్రెటోమానిడ్, లైనజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఆరు నెలల మాత్రల వైద్యానికి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2024 సెప్టెంబరులో మన కేంద్రం ఒప్పుకున్నాయి. సూది లేదు. నా భయం ఒక్కటే. బ్యాక్టీరియాలో లోపలికొచ్చిన మందును బయటికి తోడేసే పంపు ఒకటుంది. దాన్ని అదుపులో పెట్టే ఆర్‌వీ0678 అనే జన్యువు చెడితే పంపు ఆగకుండా తిరుగుతుంది, బెడాక్విలిన్ తగ్గిపోతుంది. ఈ దోషం ఆ జన్యువులో ఎక్కడ పడినా చాలు. సీబీనాట్ దాన్ని చూడదు. మందు జిల్లాకు చేరినంత వేగంగా ఆ మందుకు తగ్గ పరీక్ష కూడా చేరాలి, లేకపోతే స్ట్రెప్టోమైసిన్ కథ ఖరీదైన మందులతో మళ్లీ మొదలు.

నాటుకోడి సూపు చెప్పిన పెదనాన్న గురించి కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో ఉండే పదివేల మందికి పైగా జనంతో చేసిన రేషన్స్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. ఇంట్లో వాళ్లకు అదనంగా ఆహారం ఇస్తే వాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. ఇంకోపక్క 1950ల్లో మద్రాసులో చేసిన ప్రయోగంలో, సరైన తిండి లేక పేదింట్లో ఉండి మందులు మింగినవాళ్లు కూడా శానిటోరియంలో పాలు గుడ్లు తిన్నవాళ్లతో సమానంగా కోలుకున్నారు. దాంతోనే శానిటోరియంల కాలం చెల్లింది. రెండూ నిజమే. వచ్చిన జబ్బును మందు తగ్గిస్తుంది, పక్కవాళ్లకు రాకుండా తిండి ఆపుతుంది. కాబట్టి కోడి బాబాయికి మాత్రమే కాదు, పిన్నీ కూడా తినాలి. ప్రభుత్వం నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలు (2024 నవంబరు దాకా 500) ఎంతకు సరిపోతాయో గుంటూరులో కోడి ధర చూసి మీరే చెప్పండి. 2023లో ప్రపంచంలో టీబీ వచ్చిన సుమారు 1.08 కోట్ల మందిలో 26 శాతం మన దేశం వాళ్లే అన్నప్పుడు ఆ లెక్క కూడా వేసుకోవాలి కదా.

తర్వాత ఒక రోజు ఎల్పీఏ రిపోర్టు కూడా వచ్చింది. ఈసారి గ్రూపులో పెట్టకుండా పిన్ని ముందు నాకే పంపింది. "ఐఎన్‌హెచ్: సెన్సిటివ్" అని ఉంది. ఫోన్ చేసి, ఐసోనియాజిడ్‌కు కూడా లొంగుతుందని అర్థం పిన్నీ, ఇది కూడా మంచిదే, భయమేం లేదు అన్నాను.

"సెన్సిటివ్ అంటే మీ బాబాయా, పురుగా?"

పురుగే పిన్నీ.

"అదీ. ఆయన సంగతి పెళ్లైన కాడ్నించి నాకు తెలుసు, దానికి ల్యాబు రిపోర్టు ఎందుకా అనుకున్నా" అని పెట్టేసింది.